దట్టం వేరు, దిట్టం వేరు

చిట్యాలలో హైవే పక్కన చాయ్ హోటల్ బెంచీ మీద నడుం పట్టుకుని కూర్చున్న లారీ డ్రైవర్, జేబులోంచి నూనెలాంటి మందున్న చిన్న సీసా తీశాడు. "టెస్టోస్టిరాన్ సూది సార్. ఏసుకుంటే బొక్కలు ఇనుపకడ్డీలైతయట." రక్తపరీక్ష చేయించుకున్నవా అంటే, "అదెందుకు?" అన్నాడు.

అపోహ: ఈ సూది పడితే ఎముకలు విరగవు.

వాస్తవం: 65 దాటి, టెస్టోస్టిరాన్ తక్కువున్న మగవాళ్లకు ఏడాదిపాటు ఆ హార్మోన్ జెల్ రాస్తే వెన్నెముక సాంద్రత పెరిగిందని 2017లో అమెరికా పరీక్ష ఒకటి తేల్చింది. ప్రచారం చేసేవాళ్లు అక్కడితోనే ఆగిపోయారు. అదే అమెరికాలో 5 వేల మందికి పైగా మగవాళ్లను సుమారు మూడేళ్లు గమనించిన పరీక్ష ఫలితం 2024 జనవరిలో వచ్చింది. ఎముకలు విరిగింది మందు వాడినవాళ్లలో 3.5 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 2.46 శాతం మందికి. తగ్గకపోగా పెరిగాయన్నమాట!

సాంద్రత పెరిగాక విరగడమేంటని నల్లగొండ జిల్లావాళ్లే అడిగితే ఏమనాలి? ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మర్రిగూడ వైపు మనిషి ఎక్స్‌రే చూడండి. ఎముకలు తెల్లగా, దట్టంగా ఉంటాయి. మనిషేమో మెడ తిప్పలేడు. దట్టమైనంత మాత్రాన దిట్టం కాదు. అందుకే ఇక్కడ ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అంకె బాగుందని కూడా మురిసిపోవద్దు. ఫ్లోరైడే దాన్ని పెంచి ఉండొచ్చు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు: టెస్టోస్టిరాన్ బాగా పడిపోతే ఎముక గుల్లబారడం నిజమే. వృషణాలో, పిట్యూటరీ గ్రంథో దెబ్బతిన్నవాళ్లకు డాక్టరే ఈ హార్మోన్ ఇస్తాడు. అక్కడా ఎముకను కాసేది ఎక్కువగా దాన్నుంచి ఒంట్లో తయారయ్యే ఈస్ట్రోజెనే. మీసం మెలేసేవాళ్లు ఇది వినరు.

ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బా? తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయే ముప్పు మగవాళ్లకే ఎక్కువ. సూదితో పిల్లలు పుడతారా? ఉన్న వీర్యకణాలే తగ్గిపోతాయి. నీరసమంతా హార్మోన్ లోటేనా? ముందు షుగరు, నిద్ర, తాగుడు చూసుకోండి.

అనుమానముంటే పొద్దున్నే, పరగడుపున, రెండు వేర్వేరు రోజులు రక్తపరీక్ష చేయించుకోండి. రెండుసార్లూ తక్కువొస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, జిమ్ము కుర్రాడి దగ్గరికి కాదు. సూది మొదలైతే రక్తం చిక్కబడుతోందేమో మధ్యమధ్య చూపించుకోవాలి. ఎముక ఇప్పటికే విరిగి ఉంటే దానికి వేరే మందులున్నాయి, అడగండి. బీడీ మానండి, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వదిలి నల్లా నీళ్లు తాగండి. ఆ సీసా కొన్న డబ్బు పరీక్షకు పెట్టి ఉంటే డ్రైవరన్నకు నడుం నొప్పి ఎందుకో ఈపాటికి తెలిసేది.