చారల మొక్కకు నీళ్లు పోసే చెయ్యి ఇంట్లో ఒక్కటే ఉండాలి

పుట్టినరోజుకో, కొత్త ఇంట్లో చేరినప్పుడో ఎవరో ఒక చిన్న మొక్కను కానుకగా ఇస్తారు. అరచేతిలో పట్టేంత కుండీ, ముదురు ఆకుపచ్చ ఆకులు, వాటి మీద సున్నంతో గీసినట్టు తెల్లటి అడ్డచారలు. దాన్ని తెచ్చి హాల్లో టీవీ పక్కన పెడతారు. పొద్దున్నే అమ్మీ వంటింట్లోంచి వస్తూ ఒక గ్లాసు నీళ్లు పోస్తారు. మధ్యాహ్నం దాదీ పైమట్టి ఎండిందని ఇంకో అర గ్లాసు పోస్తారు. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలు వాటర్ బాటిల్‌లో మిగిలింది దాంట్లో వంపేస్తారు. నెల తిరిగేసరికి ఆకులు మెత్తబడతాయి, అడుగున గోధుమరంగుకు తిరుగుతాయి, ముట్టుకుంటే ఊడి చేతికొస్తాయి. "మనింట్లో మొక్కలు బతకవులే" అని అందరూ తీర్మానించేస్తారు.

నిజానికి ఆ మొక్కను ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురు నలుగురు చూసుకోవడమే దాని కొంప ముంచింది. మొక్క తీరు కాస్త తెలుసుకుంటే అదే కుండీ ఏళ్ల తరబడి ఇంట్లో ఉంటుంది, పిల్లలు పెట్టి ఇంకో నాలుగిళ్లకు కూడా వెళుతుంది.

ఎక్కడి మొక్క ఇది?

నర్సరీల్లో దీన్ని హవోర్తియా అని, జీబ్రా మొక్క అని అమ్ముతారు. హవోర్తియా అనే పేరు 1809లో పెట్టారు. ఇంగ్లాండుకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఏడ్రియన్ హవోర్త్ పేరు మీదుగా వచ్చింది. 2013లో శాస్త్రవేత్తలు ఈ చారల రకాలను విడదీసి హవోర్తియాప్సిస్ అనే కొత్త పేరు కింద చేర్చారు. చీటీ మీద పాత పేరున్నా కొత్త పేరున్నా మొక్క అదే. వెడల్పాటి ఆకులతో పసుపు పూలు పూసే ఇంకో మొక్కను కూడా జీబ్రా ప్లాంట్ అనే అంటారు. దాని పద్ధతి వేరు, దానికి తేమ ఎక్కువ కావాలి. కొనేటప్పుడు ఆకు మందంగా, కండగా, కొస తేలి ఉందో లేదో చూసుకోవాలి.

ఇది మనందరికీ తెలిసిన కలబందకు దగ్గరి చుట్టమే, ఇద్దరిదీ ఒకటే కుటుంబం. సొంత ఊరు దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతం. అక్కడ పొదల నీడలో, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. దీని అవసరాలన్నీ ఈ ఒక్క మాటలోనే ఉన్నాయి. రాళ్ల సందుల్లో నీరు నిలవదు, పొద నీడలో ఎండ నేరుగా పడదు, వాన ఎప్పుడో ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు తాగి ఆకుల్లో దాచుకుంటుంది.

రాత్రిపూట గాలి పీల్చే మొక్క

మామూలు మొక్కల ఆకుల మీదున్న సన్నటి రంధ్రాలు పగలు తెరుచుకుంటాయి. వాటిలోంచి గాలి లోపలికి వెళుతుంది, దాంతోపాటే ఆకులోని నీరు ఆవిరై బయటికి పోతుంది. అందుకే గులాబీకి, పుదీనాకు ఎండాకాలంలో రోజూ నీళ్లు కావాలి. హవోర్తియా మాత్రం పగలు తలుపులు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు పీల్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లం రూపంలో దాచుకుని, తెల్లారాక వెలుతురులో దానితో ఆహారం తయారు చేసుకుంటుంది. చల్లటి వేళ తెరవడం వల్ల నీటి నష్టం చాలా తక్కువ.

అంత తక్కువ ఖర్చు చేసే మొక్కకు రోజూ గ్లాసు నీళ్లు పోస్తే అవి ఎక్కడికి పోవాలి? కుండీలోనే నిలుస్తాయి. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు నిండుతుంది. వేళ్లకు ఊపిరాడక చచ్చుబడతాయి, తర్వాత బూజు జాతి తెగుళ్లు పట్టి కుళ్లుతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వేళ్లు కుళ్లిన మొక్క తడి మట్టిలో ఉన్నా నీళ్లు తాగలేదు. అందుకని ఆకులు ముడుచుకుపోతాయి. చూసినవాళ్లు "పాపం, దాహంగా ఉంది" అనుకుని ఇంకాస్త పోస్తారు. అదే ఆఖరి దెబ్బ.

దాహమా, కుళ్లా? ఎలా తెలుస్తుంది?

ముందు ఆకును కాదు, మట్టిని చూడాలి. ఒక చీపురుపుల్లనో, ఐస్‌క్రీమ్ పుల్లనో కుండీ అడుగుదాకా గుచ్చి ఐదు నిమిషాలు ఉంచి తీయాలి. పుల్లకు తడి గానీ మట్టి గానీ అంటుకుంటే నీళ్లు అక్కర్లేదు. పొడిగా వస్తే ఇంకో రెండు మూడు రోజులు ఆగి పోయొచ్చు. కుండీని చేత్తో ఎత్తి చూడటం కూడా మంచి అలవాటు. తడిసిన కుండీకి, ఎండిన కుండీకి బరువులో తేడా నాలుగుసార్లు ఎత్తితే చెయ్యే చెప్పేస్తుంది.

మట్టి ఎండిపోయి, ఆకులు పలచబడి లోపలికి ముడుచుకుని, అయినా గట్టిగానే ఉంటే అది దాహం. నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో మళ్లీ నిండుగా అవుతాయి. మట్టి తడిగా ఉండి, అడుగు ఆకులు మెత్తగా, నీరు నిండినట్టు పాలిపోయి ఉంటే అది కుళ్లు. నీళ్లు వెంటనే ఆపేయాలి.

పోసే రోజున మాత్రం పిసినారితనం వద్దు. చెంచాడు చెంచాడు కాకుండా, అడుగు రంధ్రంలోంచి నీరు కారేదాకా మట్టి అంతా తడిసేలా పోయాలి. ఆకుల మధ్యలో నిలవకుండా మట్టి మీద పోయాలి. కింద ప్లేటులో చేరిన నీటిని పారబోయాలి.

కాలాన్ని బట్టి లెక్క

మన దగ్గర దీనికి బాగా నచ్చే కాలం వానలు తగ్గాక మొదలై మార్చి దాకా ఉంటుంది. అప్పుడు పెరుగుతుంది కాబట్టి సుమారు పది, పదిహేను రోజులకోసారి నీళ్లు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిపోతుంది కదా అని రోజూ పోయకూడదు. ఆ వేడికి ఇది పెరగడం ఆపేసి ముడుచుకుని కూర్చుంటుంది. వేడి, తడి రెండూ కలిస్తే వేళ్లు త్వరగా కుళ్లుతాయి. మట్టి పూర్తిగా ఎండాకే, అదీ పొద్దుపోయాక పోయాలి.

అసలు ప్రమాదం వానాకాలంలో ఉంది. గాలిలో తేమ వల్ల మట్టి వారాల తరబడి ఆరదు. బాల్కనీలో ఉంటే జల్లు తగలని చోటికి జరపాలి. కొన్నిసార్లు మూడు వారాలైనా నీళ్లు అక్కర్లేదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇంకా ఆలస్యంగా ఆరుతుంది, కర్నూలు, అనంతపురం వైపు త్వరగా ఆరుతుంది. అందుకే ఈ రోజుల లెక్క అంతా అంచనాకే. చివరి మాట పుల్లదే.

ఇందులో ఒక సుఖం కూడా ఉంది. పండక్కో, సెలవులకో ఊరెళ్లి రెండు మూడు వారాలు తాళం వేసినా ఈ మొక్క ఏమీ అనుకోదు.

మట్టి, కుండీ, వెలుతురు

నర్సరీ నుంచి వచ్చే మొక్క చాలాసార్లు కొబ్బరి పొట్టులో ఉంటుంది. అది నీటిని స్పంజిలా పట్టి ఉంచుతుంది. తెచ్చిన కొద్ది రోజుల్లో మట్టి మార్చడం మంచిది. ఒక వంతు మామూలు తోట మట్టి, రెండు వంతులు ముతక ఇసుక లేదా పెర్లైట్, లేదంటే శనగగింజంత ఇటుక ముక్కలు కలిపితే చాలు. సన్నటి ఇసుక వాడితే సిమెంటులా గట్టిపడుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు.

కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. రంధ్రం లేని అందమైన పింగాణీ కప్పులో అడుగున గులకరాళ్లు పోస్తే సరిపోతుందని అనుకుంటారు, సరిపోదు. నీరు రాళ్లకు పైనున్న మట్టిలోనే ఆగి ఉంటుంది. మట్టి కుండీ అయితే గోడల్లోంచి కూడా ఆరుతుంది. మొక్క కంటే మరీ పెద్ద కుండీ కూడా పనికిరాదు, ఎక్కువ మట్టి అంటే ఎక్కువ తడి.

వెలుతురు బాగా ఉండి, నేరుగా ఎండ పడని కిటికీ దీనికి సరైన చోటు. పొద్దుటి లేత ఎండ కాసేపు తగిలితే మంచిదే. మధ్యాహ్నపు ఎండకు ఆకులు ఎర్రబారి, తర్వాత కమిలిపోతాయి. మరీ చీకటైతే ఆకులు పాలిపోయి, వెలుతురు కోసం సాగిలబడతాయి. టీవీ పక్కన అందంగా కనిపిస్తుంది, నిజమే. కానీ అక్కడ కిటికీ లేకపోతే అది మొక్కకు జైలే.

చాయ్ పత్తి, బియ్యం కడిగిన నీళ్లు, తడి పేడ ఎరువు దీనికి వేయొద్దు. తడిని పెంచి ఈగలను పిలుస్తాయి. పెరిగే కాలంలో ఒకటి రెండుసార్లు, చెప్పిన మోతాదులో సగం పలచన చేసిన ఎరువు చాలు. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మట్టి మీద తెల్లటి పొర కడితే అది లవణం. వాన నీళ్లు పట్టి ఉంచి అప్పుడప్పుడూ వాటితో బాగా తడిపితే కొట్టుకుపోతుంది.

పాడైతే బతికించుకోవచ్చా?

నడిమి భాగం గట్టిగా ఉంటే ఆశ ఉన్నట్టే. మొక్కను బయటికి తీసి తడి మట్టి దులిపేయాలి. నల్లబడి మెత్తగా ఉన్న వేళ్లను, ఆకులను శుభ్రమైన కత్తెరతో తీసేయాలి. మూడు నాలుగు రోజులు నీడలో కాగితం మీద అలాగే వదిలేస్తే కోసిన చోట ఆరుతుంది. తర్వాత పొడి మట్టిలో నాటి, వారం ఆగి కొద్దిగా నీళ్లు పోయాలి. వేళ్లన్నీ పోయినా మొదలు బాగుంటే మళ్లీ వేళ్లు వేస్తుంది.

ఆకుల సందుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. చెవులు తుడుచుకునే దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచేయాలి. వారానికోసారి చొప్పున మూడు నాలుగుసార్లు చేస్తే పోతుంది. అప్పటిదాకా మిగతా మొక్కలకు దూరంగా ఉంచాలి.

పిల్లులు, కుక్కలున్న ఇంట్లో కూడా ఈ మొక్క పెట్టుకోవచ్చు, ఇది వాటికి విషం కాదు. కలబంద, జేడ్ మొక్కలకు ఆ భరోసా లేదు.

"రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుంది" అన్న మాట

ఈ మాట చెప్పి ఎక్కువ ధరకు అమ్మేవాళ్లుంటారు. ఇది రాత్రి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడం నిజం. కానీ ఆక్సిజన్ తయారవ్వాలంటే వెలుతురు ఉండాలి, అది పగటి పని. గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారానికి మూలం మూసేసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, కిటికీలు, తలుపులున్న మామూలు భవనంలో గాలి రాకపోకలు చేసేంత పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. గాలి కోసం కిటికీ తెరవాలి. మొక్కను కళ్ల చలువ కోసం పెంచుకోవాలి.

ఇంట్లో ఒకరికి అప్పగించండి

మట్టి, కుండీ అన్నీ సరిగ్గా ఉన్నా ఇంట్లో అందరూ తలా ఇంత పోస్తే ఫలితం మారదు. అందుకే మొక్క తెచ్చిన రోజే బాధ్యత ఒక్కరికి ఇవ్వాలి. పదేళ్ల పిల్లలైనా ఫరవాలేదు. వారానికోసారి పుల్ల గుచ్చి చూడాలి, పోసిన రోజున గోడ క్యాలెండర్‌లో ఒక చుక్క పెట్టాలి. దాదీకి చెయ్యి ఊరుకోకపోతే "దాదీ, చుక్క చూసి పోయండి" అంటే సరి.

ఓపిక పడితే ఒకటి రెండేళ్లలో మొదలు చుట్టూ చిన్న పిలకలు వస్తాయి. సొంతంగా నాలుగు వేళ్లు వేసిన పిలకను విడదీసి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, వేరే కుండీలో నాటితే అది కొత్త మొక్క. దాన్ని ఖాలా ఇంటికో, పక్కింటికో ఇచ్చేటప్పుడు కుండీతో పాటు చీపురుపుల్ల కూడా ఇవ్వాలి. అది ఎందుకో రెండు ముక్కల్లో చెప్పాలి.