బొగ్గుపెళ్లకూ వయసుంటది, శుద్ధి చేస్తెనే చెప్తది

మాది పెగడపల్లి. మా జగిత్యాల జిల్లాలనే, గోదారి ఒడ్డున కోటిలింగాల ఉన్నది. అక్కడ సిముకుని పేరున్న నాణేలు దొరికినయ్ కాబట్టి శాతవాహనుల ముచ్చట గట్టిగ చెప్పగలుగుతున్నం. గాని అన్ని జాగలల్ల పేరు రాసిన నాణెం దొరకది. రాకాసి గూళ్లల్ల దొరికేటియి కుండపెంకలు, ఇనుప సామాన్లు, బొక్కలు, బొగ్గులు. వీటిల ఏండ్ల లెక్క చెప్పేటియి ఒకప్పుడు పానమున్నయే: బొక్క, బొగ్గు, కాలిన గింజ. ఆ లెక్క చానాసార్లు మిషన్ల కాదు, మిషన్ల పెట్టకముందే తప్పుతది.

చెట్టయినా, గొడ్డయినా, మనిషయినా బతికున్నన్ని దినాలు గాలి నుంచో తిండి నుంచో కార్బన్ తీసుకుంటయ్. అండ్ల రవ్వంత కార్బన్-14 ఉంటది. పానం పోయినంక కొత్తది రాదు, ఉన్నది తరుగుకుంట పోతది. 5,730 ఏండ్లకు సగమైతది. ఎంత మిగిలిందో చూసి ఎన్నేండ్లాయెనో చెప్తరు. 1957ల ఆల్చిన్ పాలమూరు దిక్కు ఉట్నూరుల బూడిద దిబ్బ తవ్విండు. అక్కడి బొగ్గును బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాల కొలిస్తెనే, నాలుగు వేల ఏండ్ల కిందనే ఆడ పశువుల మందలున్నయని తేలింది.

చిక్కు ఏందంటె, ఏది పాత కార్బనో ఏది కొత్తదో మిషన్‌కు తెల్వది. 3,000 ఏండ్ల బొగ్గుల పదోవంతు ఇయ్యాల్టి గడ్డివేర్ల కార్బన్ కలిస్తె, వయసు దాదాపు 350 ఏండ్లు తక్కువ చూపిస్తది. పెట్రోలియం నుంచి తయారైన జిగురు, మైనం కలిస్తె ఉల్టా. అండ్ల కార్బన్-14 అసలే ఉండది, నూటికి ఒక్క పాలు కలిసినా 80 ఏండ్లు ఎక్కువ చూపిస్తది.

అందుకే శుద్ధి. బొగ్గునైతె ముందుగాల భూతద్దం కింద పెట్టి సన్న వేర్లను చిమ్టాతోని ఏరేస్తరు. పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ల వేస్తె మట్టి సున్నం కరిగిపోతది. తర్వాత కాస్టిక్ సోడా నీళ్లల్ల వేస్తె, చివికిన ఆకు అలముల నుంచి వాన నీళ్లతోని దిగిన నల్లటి రసం పోతది. మల్ల ఒకపారి యాసిడ్. ఎందుకంటె సోడా నీళ్లు గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను గుంజుకుంటయ్. అది ఇయ్యాల్టి కార్బన్.

బొక్క పని ఇంకింత కష్టం. అండ్ల సున్నపు భాగం మట్టి నీళ్లతోని మారుతుంటది, దాన్ని నమ్మరు. యాసిడ్ల దాన్ని కరిగించి, మిగిలిన కొల్లాజెన్ అనే మాంసకృత్తును తీసి, వేడినీళ్లల్ల కరిగించి వడగడుతరు. అండ్ల నైట్రోజన్‌కు కార్బన్ పాలు 2.9 నుంచి 3.6 నడుమ లేకుంటె పక్కకు పెడుతరు. మన ఎండలకు కొల్లాజెన్ జల్ది చివికిపోతది, చానా బొక్కలల్ల ఏం మిగలది. గందుకే కాలిన ఉలవ గింజ దొరికితె బంగారం దొరికినట్టే. ఉలవ ఒక్క పంట కాలందే. టేకు దూలం బొగ్గయితె, చెట్టు కొట్టిన నాటికే నడిమి కర్రకు వందేండ్లు ఉండొచ్చు.

ఆఖరికి శుద్ధమైనదాన్ని కాల్చి గ్యాసు చేసి, ఇనుప పొడి మీద గ్రాఫైట్‌గ మారుస్తరు. ఒక్క మిల్లీగ్రాము కార్బన్ సాలు. ఈ కొలిచే మిషన్లు ఢిల్లీల ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ల, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీల ఉన్నయ్.

ఇంత చేసినా, గడ్డపార కాడ పోయినదాన్ని ప్రయోగశాల మల్ల తేలేదు. ఏ లోతుల, ఏ కుండ పక్కపొంటి దొరికిందో రాయకుంటె, వయసు తెలిసినా అది దేని వయసో తెల్వది. నేనడిగేది ఒక్కటే. చెరువు మట్టి తీసేటప్పుడో, గుట్ట తవ్వేటప్పుడో పాత బొంద బయటపడితె పని ఆపుండ్రి. బొక్కలను కడగకుండ్రి, జిగురు పెట్టి అతికించకుండ్రి. ఉన్న కాడ్నే ఉంచి, ఫోటో తీసి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పుండ్రి. ఈ నేల మీద మనకంటె ముందు బతికినోళ్లు ఎప్పటోళ్లో చెప్పేది ఆ పిడికెడు బొగ్గే. ట్రాక్టర్ల మట్టితోని అది పోతె, ఎంత పెద్ద మిషన్ ఉన్నా కొలిచేతందుకు ఏం ఉండది.