డేటాబేస్ అంచనా తప్పితే పట్టుకోవడం ఎలా?

మన ట్రస్టు ఉపకారవేతనాలతో చదువుకుంటున్న పిల్లల్లో కంప్యూటర్ కోర్సులు తీసుకున్నవారు ఉన్నారు. వారందరూ ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్న రాయడం నేర్చుకుంటారు. ఆ ప్రశ్న ఎందుకు నెమ్మదిగా నడుస్తోందో కనిపెట్టడం మాత్రం వేరే విద్య. నేను కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని, ఇంజనీరును కాను. అయితే ఇది లెక్కలకు సంబంధించిన విషయం కాబట్టి నాకు అర్థమైనంత వరకు విద్యార్థులకు, తల్లిదండ్రులకు చెబుతాను.

డేటాబేస్‌ను మనం ఏం కావాలో మాత్రమే అడుగుతాం, ఎలా వెతకాలో చెప్పం. ఆ దారిని నిర్ణయించే భాగం పేరు క్వెరీ ప్లానర్. పాత బ్యాంకు లెడ్జర్‌ను గుర్తు చేసుకోండి. ఒక్క ఖాతా కావాలంటే ఇండెక్స్ చూసి ఆ పేజీ తీస్తాం. సగం ఖాతాలు కావాలంటే ఇండెక్స్ పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి వరుసగా తిప్పడమే త్వరగా అవుతుంది. ప్లానర్ కూడా ఎన్ని వరుసలు వస్తాయో ముందే అంచనా వేసి, ఒక్కో దారికి ఖర్చు లెక్కకట్టి, తక్కువ ఖర్చయ్యే దారిని ఎంచుకుంటుంది. ఐబీఎం సంస్థ సిస్టమ్ ఆర్ పరిశోధనలో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు ఈ పద్ధతిని 1979లో ప్రచురించారు.

మా మేనకోడలు ఒక సంస్థలో విద్యార్థుల ఫీజు రాయితీల లెక్కలు చూస్తుంది. అక్కడ వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. యానాం విద్యార్థుల చెల్లింపుల జాబితా క్షణాల్లో వచ్చేది. మరింత కచ్చితంగా ఉండాలని ఎవరో ‘ఊరు యానాం’ అనే షరతుకు ‘పిన్‌కోడ్ 533464’ అని మరొకటి చేర్చారు. అప్పటినుంచి జాబితాకు నిమిషాలు పట్టసాగింది, చివరికి సమయ పరిమితి దాటి మధ్యలోనే ఆగిపోయేది. ఫీజు గడువు దగ్గర పడుతోంది. జాబితా కాలేజీలకు చేరకపోతే పిల్లలు పూర్తి ఫీజు కట్టాలి. పెద్ద సర్వర్ కొనాలన్న మాట కూడా వచ్చింది.

ఏం జరిగిందో గుండ్రని అంకెలతో చూద్దాం. మొత్తం 10,00,000 వరుసలు ఉన్నాయనుకోండి. యానాం వారు నూటికి ఒకరు, అంటే 10,000 మంది. ఆ పిన్‌కోడ్ వారూ నూటికి ఒకరే. నిజానికి వారూ వీరూ ఒకటే. ఆ సంగతి ప్లానర్‌కు తెలియదు. దాని దగ్గర ఒక్కో కాలమ్ గణాంకాలు విడివిడిగా ఉంటాయి. రెండింటికీ సంబంధం లేదనుకుని నూటిలో ఒక వంతును మరో నూటిలో ఒక వంతుతో గుణించి, 100 వరుసలే వస్తాయని తేల్చింది. అసలు వచ్చేవి 10,000. వందే కదా అని ఒక్కో విద్యార్థి కోసం చెల్లింపుల పట్టికకు విడిగా వెళ్లే దారి పట్టింది. దీన్ని నెస్టెడ్ లూప్ అంటారు. వంద సార్లకు అది మంచి దారే, పదివేల సార్లకు కాదు. అసలు సంఖ్య తెలిసి ఉంటే రెండు పట్టికలనూ ఒక్కోసారి చదివి జతకలిపే హాష్ జాయిన్‌ను ఎంచుకునేది.

మా అమ్మాయి సర్వర్ మాట పక్కన పెట్టి, వరుసగా ఈ పనులు చేసింది.

1. ప్రశ్న ముందు ‘ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్’ అని చేర్చి నడిపింది. అంచనా వరుసలు, అసలు వరుసలు రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. అన్నిటికంటే లోపలి మెట్టు నుంచి చదువుతూ తేడా మొదలైన చోటు పట్టుకోవాలి. మేము ట్రయల్ బ్యాలెన్స్ కలవనప్పుడు చేసిందీ అదే. ఒక హెచ్చరిక: ఈ ఆదేశం ప్రశ్నను నిజంగానే నడుపుతుంది. మార్చే, తొలగించే ఆదేశాలైతే ‘బిగిన్’తో మొదలుపెట్టి ‘రోల్‌బ్యాక్’తో వెనక్కి తీసుకోవాలి.

2. ‘అనలైజ్’ ఆదేశంతో గణాంకాలను తాజా చేసింది. అయినా అంచనా మారలేదు. అంటే కారణం పాత గణాంకాలు కావు.

3. ఒక్కో షరతునూ విడిగా పెట్టి చూసింది. విడిగా అంచనా సరిపోయింది, కలిపితేనే తప్పింది. దోషం రెండు కాలమ్‌ల సంబంధంలో ఉందని తేలింది.

4. ఊరు, పిన్‌కోడ్ కలిపి ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ ఆదేశం ఇచ్చింది. 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం ఉంది. దాని తర్వాత మళ్లీ ‘అనలైజ్’ నడపాలి, లేకపోతే ఆ గణాంకాలు సేకరించబడవు.

అంచనా పదివేలకు దగ్గరగా వచ్చింది, దారి మారింది, జాబితా క్షణాల్లో వచ్చి గడువులోగా కాలేజీలకు చేరింది. వేరే దారి ఉన్నప్పుడు నెస్టెడ్ లూప్‌ను ఎంచుకోకుండా ప్లానర్‌ను నిరుత్సాహపరిచే మీట కూడా ఉంది. పరీక్షించడానికి అది పనికొస్తుంది. శాశ్వతంగా ఆపితే ఆ దారే మేలైన ఇతర ప్రశ్నలు దెబ్బతింటాయి.

విద్యార్థులకు నా సలహా ఒక్కటే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఉచితం, మామూలు కంప్యూటర్‌లోనే నడుస్తుంది. లక్ష వరుసల పట్టిక ఒకటి తయారుచేసి, ఒకదానిపై ఒకటి ఆధారపడే రెండు కాలమ్‌లు పెట్టి, పై నాలుగు పనులూ మీరే చేసి చూడండి. తల్లిదండ్రులకు మనవి: దీనికోసం ఖరీదైన కోర్సులో చేర్పించనక్కరలేదు. పిల్లలకు కంప్యూటర్ దగ్గర కొంత సమయం, తేడా ఎక్కడుందో వెతికే ఓపిక ఉంటే చాలు.