కంచె లేని చేను

తూర్పుకనుమల వెంబడి శ్రీకాకుళము మొదలు గోదావరి వరకు వ్యాపించిన కొండసీమను మనవారు మన్యమందురు. ఈ మన్యమునందే, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, అరకులోయ కలదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరియున్నది. విశాఖపట్టణము నుండి రైలులో వచ్చు యాత్రికుడు సొరంగములను, లోయలను, పసుపుపచ్చని వలిసెపూల చేలను చూచి ఆనందించును. ఆ చేలు చాలవరకు ఇప్పటికిని వానిని దున్నువారి చేతిలోనే యెట్లు నిలిచినవను ప్రశ్న మాత్రము అతనికి తోచదు. దానికి సమాధానము 20వ శతాబ్ది తొలి దశాబ్దముల చరిత్రలో దొరకును. అదే కాలమున అమెరికా ఖండమున జరిగిన మరియొక కథను దీని ప్రక్కన నుంచి చూచినచో విషయము మరింత తేటపడును.

ఈ కొండలలో భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు, పోర్జలు, గదబలు మొదలగు జాతులవారు తరతరములుగా నివసించుచున్నారు. వారు కొండవాలునందలి పొదలను నరికి, అవి యెండిన పిదప కాల్చి, ఆ బూడిదనేలలో సామలు, చోళ్లు, కందులు చల్లి పండించెడివారు. రెండు మూడేండ్లకు నేల సారము తగ్గగా దానిని విడిచి మరియొక చోటికి పోయెడివారు. దీనికే పోడు వ్యవసాయమని పేరు. పల్లమున గెడ్డల వెంట వరిమళ్లును ఉండెను. ఈ నేల నాదని చూపుటకు వారియొద్ద కాగితములు లేవు. ఊరిపెద్దయు, ఇరుగుపొరుగువారును ఎరిగియుండుటయే వారికి హక్కుపత్రము.

కుంపిణీ ప్రభుత్వము 1839లో ఒక చట్టము చేసి, గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములను సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగించి, జిల్లా కలెక్టరును గవర్నరు తరపున ఏజెంటుగా నియమించెను. ఏజెంటు ఏలుబడిలోనిది గనుక ఈ సీమకు ఏజెన్సీ యను పేరు వచ్చెను. తరువాత 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టము రక్షితారణ్యములకు హద్దులు గీచెను. తాతలనాటినుండి పోడు కొట్టిన కొండపై కాలుపెట్టుటయే నేరమయ్యెను.

ఇంతలో బాటలు పడెను. పల్లపు వర్తకులు సంతలకు వచ్చిరి. ఉప్పు, బట్టలు అమ్మి, చింతపండు, పసుపు, కరక్కాయలు కొనుచుండిరి. వానకాలమున ఇంట గింజలు నిండుకొన్నప్పుడు అప్పు పెట్టి, పంట చేతికి రాగానే తమకు తోచిన ధరకు కొలిపించుకొనెడివారు. లెక్క వ్రాయువాడు షావుకారు. వ్రేలిముద్ర వేయువాడు కొండరైతు. కొన్నాళ్లకు అసలును మించి వడ్డీ పెరిగి, గెడ్డ ప్రక్కనున్న వరిమడి షావుకారు పేర మారిపోయెడిది. నిన్నటి రైతు నేడు ఆ మడిలోనే కూలివాడయ్యెడివాడు.

ఈ దుస్థితిని అరికట్టుటకు మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టమును చేసెను. దయ యొక్కటియే దీనికి కారణము కాదు. 1879లో చెలరేగిన రంప తిరుగుబాటు వంటివానిని చూచిన పాలకులు, కడుపు మండినచోట అలజడి పుట్టునని యెరిగియుండిరి. ఆ చట్టమునందు ముఖ్యాంశములు రెండు. ఏజెంటు అనుమతి లేక కొండజాతివాడు తన భూమిని ఇతరులకు అమ్మినను, తాకట్టు పెట్టినను అది చెల్లదు, ఇది మొదటిది. వడ్డీ సాలుకు నూటికి 24కు మించరాదు, మొత్తము వడ్డీ అసలును దాటరాదు, ఇది రెండవది. నూరు రూపాయలు అప్పు తీసికొన్నవాడు ఎన్నేండ్లు గడచినను వడ్డీక్రింద మరియొక నూరు రూపాయలకు మించి చెల్లింపనక్కరలేదన్నమాట.

చట్టము మంచిదే. కాని కొండరైతు చట్టము పేరైన వినలేదు. ఏజెంటు కచేరి ఎక్కడనో పల్లమున ఉండెను. అడవి నిర్బంధములు తొలగలేదు. బాటపనులకు బలవంతముగా మనుష్యులను తోలుకొనిపోయి చాలీచాలని కూలియిచ్చుటయు తప్పలేదు. కంచెయే చేను మేసినచో కాచువాడెవడు? ఐదేండ్లు గడచునంతలో మన్యము భగ్గుమనెను. అల్లూరి సీతారామరాజు నాయకత్వమున గిరిజనవీరులు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడి ఆయుధములు గైకొనిరి. రెండు సంవత్సరములపాటు సాగిన ఆ పోరాటము, 1924 మే 7న సీతారామరాజును పట్టుకొని కాల్చి చంపుటతో క్షీణించెను.

ఆ దినమునకు సరిగా 26 దినముల పిదప, అనగా 1924 జూన్ 2న, అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జి ఒక చట్టముపై సంతకము చేసెను. అంతవరకు పౌరులుగా గుర్తింపబడని ఆ దేశపు ఆదిమజాతులవారికెల్ల అది పౌరసత్వమిచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున వారిలో సుమారు 12,000 మంది అమెరికా సైన్యమున పనిచేసిరి. తమ సొంత గడ్డపై పౌరులనిపించుకొనుటకు వారు అంతకాలము వేచియుండవలసివచ్చెను. అటుపిమ్మటనైనను ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రములలో వారికి వోటుహక్కు దక్కుటకు 1948 వరకు పట్టెను.

పౌరసత్వము వచ్చునాటికి వారి భూమి యేమైనది? ఈ కథ 1887లో మొదలైనది. ఆ సంవత్సరమున డాస్ అను సెనేటరు పేరిట ఒక చట్టము వచ్చెను. దానిని కోరినవారిలో ఆదిమజాతులకు మిత్రులమని చెప్పుకొనిన సజ్జనులు పెక్కుమంది యుండిరి. ఊరుమ్మడిగా నుండు భూమిని పంచి, ఒక్కొక్క కుటుంబయజమానికి 160 ఎకరములిచ్చినచో, వారు తక్కిన అమెరికనులవలె సొంత రైతులై బాగుపడుదురని వారి ఆలోచన. 25 సంవత్సరములు ఆ భూమిని అమ్మరాదను నియమమును పెట్టిరి. పంపకము పోగా మిగిలినది మిగులు భూమియని తెల్లవారికి వదలిరి.

1906లో ఒక సవరణ వచ్చి ఆ గడువును సడలించెను. సమర్థుడని అధికారి తలచినవానికి 25 సంవత్సరములు నిండకముందే పూర్తి పట్టా ఈయవచ్చును. పట్టా చేతికి వచ్చిన మరునాటినుండి భూమిపై పన్ను పడెను. అమ్ముకొను స్వేచ్ఛయు వచ్చెను. పన్ను కట్టలేక కొందరు, అప్పు తీర్చలేక కొందరు, కాగితమున నున్నదేమో తెలియక కొందరు భూములు పోగొట్టుకొనిరి. 1887లో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరములున్న ఆదిమజాతుల భూమి 1934 నాటికి సుమారు 4 కోట్ల 80 లక్షల ఎకరములకు దిగజారెను. మూడింట రెండు పాళ్లు చేయిదాటిపోయెను. 1928లో వెలువడిన మెరియం నివేదిక ఈ విధానమువలని దారిద్ర్యమును బయటపెట్టెను. 1934లో అమెరికా ప్రభుత్వము ఆ పంపకమును మానుకొనెను. పోయిన భూమి మాత్రము చాలవరకు తిరిగి రాలేదు.

విద్యార్థులారా! ఈ రెండు కథలను పోల్చి చూడుడు. అమెరికాలో భూమికి కంచె తీసివేసి, దానికి స్వేచ్ఛయని పేరు పెట్టిరి. మన్యమున కంచె వేసిరి గాని, దానికి కావలి పెట్టలేదు. మొదటిచోట మేలుకోరి చేసిన చట్టమే కీడైనది. రెండవచోట మంచి చట్టము కాగితమునందే నిలిచినది. బలవంతుడును బలహీనుడును ఒకే సంతలో నిలిచినప్పుడు, అమ్ముకొను స్వేచ్ఛ అనునది కొనువానికే లాభించును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మన్యపు కంచెకు బలము చేకూరెను. రంప పోరాటమున పాల్గొని కారాగారవాసమనుభవించిన గాము మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. గిరిజనుల అటవీఫలములను కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ వెలసెను. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చెను. 1970 ఫిబ్రవరి 3 నుండి అమలైన సవరణ దానిని మరింత కట్టుదిట్టము చేసెను: షెడ్యూలు ప్రాంతములలో గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునకు అమ్మినను ఆ అమ్మకము చెల్లదు. అరకుకు పొరుగున నున్న అనంతగిరి మండలమున, బొర్రా ప్రాంతపు గనులను ప్రైవేటు వ్యాపారసంస్థలకు కౌలుకిచ్చినప్పుడు సమత అను సంస్థ న్యాయస్థానముల కెక్కెను. ప్రభుత్వమైనను గిరిజన ప్రాంతమునందలి భూమిని గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పెను.

ఇంతటితో అంతయు చక్కబడెనని తలపరాదు. గిరిజనుని పేరుంచి వెనుక పరులనుభవించు బినామీ వ్యవహారములు చట్టము కన్నుగప్పి సాగుచుండును. వ్రాతకోతలు రాని తండ్రి వ్రేలిముద్ర వేయబోవునప్పుడు, బడిలో చదువుకొనిన బిడ్డ ఆ కాగితమును చేతబుచ్చుకొని, తుదివరకు బిగ్గరగా చదివి, అందలి అర్థమును వివరింపవలెను. 1917లో అట్టి బిడ్డలు మన్యమున మిక్కిలి అరుదు. నేడు ప్రతి ఆశ్రమ పాఠశాలలోను ఉన్నారు. 1917లో లేని కావలి అదియే.