చిరునామాల పట్టికలో జంట పేర్లు

1989వ సంవత్సరము నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన పెనుతుపాను నెల్లూరు తీరవాసులకు నేటికిని జ్ఞాపకమే. నాడు మన పల్లెలలో ఈ-మెయిలు లేదు. 1999లో హైదరాబాదున స్థాపితమైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము నేడు అలల ఎత్తును, గాలి వేగమును, చేపలు లభించు తావులను ముందుగా తెలుపుచున్నది. ఆ సమాచారమును మైపాడులోనో, జువ్వలదిన్నెలోనో ఒక మత్స్యకార సంఘపు కార్యదర్శి సభ్యులకు ఈ-మెయిలు ద్వారా పంపదలచినాడనుకొందము. ఆతని చిరునామాల పట్టిక సరిగా లేనిచో, హైదరాబాదు నుండి క్షణములో వచ్చిన వార్త ఆతని బల్లమీదనే నిలిచిపోవును.

పట్టికలో ఒకే మనిషి రెండు మూడు మారులు చేరుట మిక్కిలి సాధారణమైన దోషము. ఫోనులోని పేర్లును, సిమ్ కార్డులోని పేర్లును, కంప్యూటరులోని పేర్లును ఒకచోట కలిసినప్పుడు ఇట్లు జరుగును. ఎవరికైనను ఉత్తరము వ్రాసినంతనే జీమెయిలు ఆ చిరునామాను తనంత తానే ఒక ప్రత్యేక విభాగమున దాచుకొనుటయు కలదు. వీనికి తోడు మన పేర్లను ఆంగ్లాక్షరములలో వ్రాయుటకు ఒక కట్టుబాటు లేదు. పెంచలయ్య పేరు చివర ఒకరు 'ఏ-ఐ-ఏ-హెచ్' అనియు, మరొకరు 'ఏ-వై-వై-ఏ' అనియు వ్రాయుదురు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట కేవలము పొడి అక్షరము. ఇట్లు ఒక పెంచలయ్య మూడు కార్డులలో ముగ్గురగును. ఒక కార్డులో ఆయన విడిచిపెట్టిన పాత చిరునామా ఉన్నచో, ఉత్తరము దానికే పోవచ్చును.

దీనిని సరిచేయుటకు గూగుల్ కాంటాక్ట్స్ వంటి పట్టికలలో జంట కార్డులను వెదకి, విలీనము చేయు సౌకర్యము కలదు. అన్నింటిని ఒక్క నొక్కుతో కలుపుటకును వీలున్నది. ఆ ఒక్క నొక్కే ప్రమాదకరమైనది. పెంచలకోన నరసింహస్వామి పేరిట పెంచలయ్యలును, జొన్నవాడ అమ్మవారి పేరిట కామాక్షమ్మలును, కసుమూరు మస్తాన్ వలీ పేరిట మస్తానయ్యలును మన జిల్లాలో ఊరూర కలరు. పేరు పెట్టిన పెద్దలు కంప్యూటరును తలచి పెట్టలేదు గదా! ఇద్దరు మస్తానయ్యలను ఒక్కనిగా కలిపినచో ఒకరికి పోవలసిన వార్త మరొకరికి పోవును. ఎవరికి అందలేదో ఆయనకే తెలియదు. రెండు కార్డులుండుట కంటె ఇది ఎక్కువ హాని.

కావున పేరును బట్టి గాక, ఫోను నంబరును, ఈ-మెయిలు చిరునామాను బట్టి పోల్చవలెను. నంబరు ముందు +91 ఉన్నను, సున్న ఉన్నను, ఏమియు లేకున్నను తరువాతి పది అంకెలు ఒకటే అయినచో నంబరు ఒకటే. జీమెయిలు చిరునామాలో పేరు నడుమ చుక్క ఉన్నను లేకున్నను ఉత్తరము ఒకే పెట్టెకు చేరును; ఇతర సంస్థల చిరునామాలకు ఈ సూత్రము వర్తించునని తలపరాదు. ఒకే ఇంట తండ్రీకొడుకులు ఒకే నంబరు వాడుటయు కలదు గనుక, సంశయమున్నచోట ఒకమారు ఫోను చేసి అడుగుట ఉత్తమము. ఇద్దరు వేరని తేలినచో పేరు ప్రక్క ఊరి పేరో, పడవ గుర్తో చేర్చినచో మరల చిక్కు రాదు.

పని ఆరంభించుటకు ముందు పట్టికనంతటిని ఒక ప్రతి తీసి భద్రపరచవలెను. గూగుల్ పట్టికలో మార్పులను 30 దినముల లోపల వెనుకకు మరల్చవచ్చును. అయినను ప్రతి ఉండుటే మేలు. జంటకార్డులలో ఒకదానిని ఊరక తుడిచివేయరాదు, విలీనమే చేయవలెను. ఏలయన, 'పడవ యజమానులు' అను వర్గములో ఉన్నది తుడిచిన కార్డే అయినచో, మిగిలిన కార్డు ఆ వర్గమున లేక, ఆ వర్గమునకు పంపిన హెచ్చరిక ఆయనకు పోదు.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధము. వలలు బాగుచేసికొను ఆ దినములలో ఈ పనియు ముగించి, సభ్యులందరికి ఒక చిన్న ఉత్తరము పంపి, జవాబు రానివారి ఇండ్లకు వెళ్లి చిరునామా అడిగి తెలిసికొనవచ్చును.