పురుగుకు పడని మందు బట్టమేకకూ పడదు

షోలాపూర్ దగ్గరి నాన్నజ్ గడ్డిబీళ్ల పేరు మనలో చాలామంది వినే ఉంటారు. అక్కడి బట్టమేక పిట్టను మరాఠీలో మాళఢోక్ అంటారు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఇప్పుడు దేశం మొత్తం వెతికినా ఇవి 200 లేవు. నాన్నజ్‌లో కనబడటమే అరుదైపోయింది.

ఇది మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ వట్టి నేల మీద. బీడు దున్నితే ఆ ఒక్కటీ పోతుంది. బోరు పడ్డచోటల్లా గడ్డి పోయి పంటలొచ్చాయి. కొత్తగా వేసే మన మల్బరీ తోటకూ ఇదే మాట వర్తిస్తుంది. కళ్లు పక్కలకు ఉండటంతో ఎదుటి కరెంటు తీగ ఆనక, తగిలి చచ్చేవీ ఉన్నాయి.

లెక్క తీయడం సులువు కాదు. మనిషి అలికిడికే దూరం జరుగుతుంది, ఊళ్లు దాటి తిరుగుతుంది. అందుకే సర్వే వాళ్లకు రోజూ చేలో ఉండే రైతు మాట చాలా అవసరం.

దీని తిండిలో మిడతలు, పురుగులు ముఖ్యం. పక్కచేలో మందు కొడితే గాలికి మన ఆకు మీద పడి షెడ్డులో పురుగు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిట్టకూ అంతే. కాబట్టి గడ్డిబీడు అంచున మందు వద్దని పక్క రైతుకు చెబుదాం. మన పంటా నిలుస్తుంది. మిగిలిన బీడును పశువుల మేతకే ఉంచుదాం. గుడ్డు కనబడితే ముట్టుకోకుండా, ఫొటో కోసం ఎగబడకుండా, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేద్దాం.