ఫాల్గుణంలోనే తలుపుతట్టే కాలబైశాఖి: సాలువా, ఖరగ్‌పూర్ ప్రాంతాల వసంతకాలపు గాలివానలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో మార్చి నెల రెండు ముఖాలతో ఉంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు ఎర్రమట్టి నేల సెగలు కక్కుతుంది, ఆకు కదలదు. అయిదు గంటలకు వాయవ్యాన నల్లని గోడ వంటి మేఘం లేస్తుంది. ముందు దుమ్ము, వెనుక చల్లని గాలి, ఆ తరువాత ఉరుములతో కూడిన వాన. గంట తిరిగేసరికి ఆకాశం తేటపడుతుంది, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. ఈ సాయంకాలపు గాలివానకు బెంగాలీలు పెట్టిన పేరు కాలబైశాఖి. వైశాఖంలో వచ్చే కాలుడన్నమాట. ఆంగ్లేయులు దీనినే నార్వెస్టర్ అన్నారు.

పేరులో వైశాఖం ఉన్నా రాక మాత్రం అంతకు ముందే. బెంగాలీల బైశాఖ్ సౌరమానం ప్రకారం ఏప్రిల్ నడిమి రోజులలో మొదలవుతుంది. గాలివానలు మాత్రం మార్చిలోనే, మన ఫాల్గుణ, చైత్ర మాసాలలోనే తొంగిచూస్తాయి. ప్రమాదం ఎక్కువగా ఈ తొందరపాటులోనే ఉన్నది. ఏప్రిల్ నెలాఖరున ప్రజలు ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు. మార్చిలో ఆ అలవాటు ఇంకా పడి ఉండదు.

ఈ గాలివాన పుట్టిల్లు ఖరగ్‌పూర్ కాదు, పడమటనున్న ఛోటా నాగపూర్ పీఠభూమి. రాంచీ వంటి ఊళ్లు సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్నాయి. వేసవి తొలిదినాలలో ఆ రాతినేల త్వరగా కాగుతుంది. దానిపై వేడెక్కిన పొడిగాలి తూర్పునకు సాగుతుంది. అదే సమయంలో బంగాళాఖాతం మీదినుంచి తేమగాలి నేలను అంటిపెట్టుకుని మేదినీపూర్ మైదానంలోకి చొరబడుతుంది. పైన పొడిగాలి, కింద తేమగాలి: ఉడుకుతున్న గిన్నెపై మూతపెట్టినట్లు. మూత ఉన్నంతసేపు ఉక్కపోత తప్ప వాన ఉండదు. కింద మాత్రం శక్తి కూడుకుంటూనే ఉంటుంది.

ఆ మూతను తెరిచే చేయి చాలాసార్లు మధ్యధరా ప్రాంతంనుంచి వస్తుంది. పశ్చిమ అలజడులుగా వాతావరణ శాస్త్రజ్ఞులు పిలిచే అల్పపీడన ద్రోణులు ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి, హిమాలయాలపై మంచును, వానను కురిపిస్తాయి. వాటి వెంట పైవాతావరణంలోకి చల్లని గాలి దిగుతుంది. కింద వేడి, పైన చలి ఏర్పడగానే తేమగాలి నిట్టనిలువుగా ఎగసి, పది కిలోమీటర్లను మించిన ఎత్తుకు క్యుములోనింబస్ మేఘంగా పెరుగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు రాంచీ చుట్టుపక్కల పుట్టిన మేఘవరుస గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో ఆగ్నేయానికి కదిలితే, ఖరగ్‌పూర్‌ను చేరేసరికి పొద్దుగూకుతుంది. ఈ వానలు సాయంకాలాలనే ఎంచుకోవడంలోని కిటుకు ఇదే.

గాలి మాట వేరుగా చెప్పుకోవాలి. వాన కన్నా అదే ఎక్కువ నష్టం చేస్తుంది. మేఘంలోని వానచినుకులు పొడిగాలిలో ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లని గాలి బరువెక్కి బండరాయిలా కిందకు పడి, నేలను తాకి, ముందుకు పరచుకుంటుంది. వాయవ్యదిశనుంచి వీచే గాలి వేగం గంటకు 45 కిలోమీటర్లకు చేరి, కనీసం ఒక నిమిషంపాటు నిలిస్తేనే దానిని కాలబైశాఖిగా లెక్కిస్తారు. నూరు కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. మార్చిలో నీరు గడ్డకట్టే ఎత్తు మే నెల కన్నా తక్కువ కనుక, వడగళ్లు కరగకముందే నేలకు చేరతాయి. మామిడి పిందెలకు అది గండం.

ఈ ఋతువు ఎంత దూరం వెళ్లగలదో ఖరగ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న దాంతన్ ప్రాంతానికి తెలుసు. 1998 మార్చి 24న అక్కడ, పొరుగునున్న ఒడిశా సరిహద్దు గ్రామాలలో విరుచుకుపడిన సుడిగాలి వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి ఉగాది కూడా రాలేదు.

సాలువాలో ఈ కథకు మరో కోణం ఉన్నది. ఖరగ్‌పూర్ శివారులోని ఈ స్థావరం ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం. ఇక్కడి కుటుంబాలలో ఎక్కువమంది నేపాలీ మాట్లాడే గోర్ఖాలు, అంటే కొండలకు చెందినవారు. వారి పూర్వీకుల సీమలోనూ వసంతం ఇంతే నిలకడలేనిది. పగలు కొండవాలులు వేడెక్కి లోయలోని గాలిని పైకి లాగుతాయి, మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్లు కురుస్తాయి. 2019 మార్చి 31న నేపాల్‌లోని బారా, పర్సా జిల్లాలను తాకిన సుడిగాలిలో కనీసం 28 మంది మరణించారు. ఆ దేశంలో అధికారికంగా నమోదైన తొలి టోర్నడో అదే. సరిగ్గా అయిదేళ్లకు, 2024 మార్చి 31న, హిమాలయ పాదాలనున్న జల్పాయిగుడి జిల్లాలో గాలివాన ఇళ్లను కూల్చి ప్రాణాలు తీసింది. తేదీలు కలవడం యాదృచ్ఛికమే, ఋతువు కలవడం కాదు.

పట్టణంలోని తెలుగువారికీ ఈ వాతావరణం పూర్తిగా కొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి ఉత్తరాంధ్రనుంచి తరలివచ్చి స్థిరపడిన కుటుంబాలు అవి. అరకు, పాడేరు కొండలపై వేసవి మధ్యాహ్నాలలో పిడుగులతో వచ్చే జల్లులు వారి ఊరి పెద్దలు ఎరిగినవే. తేడా బలంలో ఉన్నది. తూర్పు కనుమల జల్లు చాలావరకు పుట్టినచోటనే తీరిపోతుంది. కాలబైశాఖి వందల కిలోమీటర్లు పరుగెత్తి వస్తుంది.

దీనిని కేవలం శత్రువుగా చూడడం న్యాయం కాదు. జనుము, ఔస్ వరి విత్తడానికి బెంగాల్ రైతు ఈ వాన కోసమే ఎదురుచూస్తాడు. అసోం తేయాకు చిగుళ్లకూ ఇదే ఆధారం. దక్షిణాదిన మనం మామిడి జల్లులని పిలుచుకునేవి ఈ ఋతువు బిడ్డలే, కాస్త నెమ్మదైనవి.

1875లో కలకత్తా కేంద్రంగా మొదలైన భారత వాతావరణ శాఖ నేడు ఈ మేఘాలను కోల్‌కతాలోని డాప్లర్ రాడార్‌తో గమనిస్తున్నది. ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణలోనూ, రాంచీలోనూ పరిశీలన స్తంభాలు నెలకొల్పి గాలి, తేమ, ఉష్ణోగ్రతలను కొలిచిన 'స్టార్మ్' పరిశోధన కార్యక్రమం ఈ గాలివానల పుట్టుకను అర్థం చేసుకోవడానికే. అయినా ఏ వీధిలో గాలి విరుచుకుపడుతుందో ఉదయమే చెప్పడం నేటికీ సాధ్యం కాదు. నమ్మదగిన హెచ్చరిక వచ్చేది రెండు మూడు గంటల ముందే. పట్టాలపై పనిచేసే సిబ్బందికి, పొలంలోని కూలీకి, మైదానంలోని పిల్లలకు ఆ రెండు గంటలే ముఖ్యం.

దేశంలో పిడుగులు ఏటా 2,000 మందికి పైగా ప్రాణాలను బలిగొంటున్నాయి. మెరుపుకు, ఉరుముకు మధ్య మూడు సెకన్లు గడిస్తే పిడుగు సుమారు కిలోమీటరు దూరాన పడినట్లు. ఉరుము వినబడితే చాలు, పిడుగు అందుకోగల దూరంలోనే ఉన్నట్లు లెక్క. చెట్టు కిందనుంచి, విద్యుత్ స్తంభాల పక్కనుంచి తొలగి పక్కా కట్టడంలోకి చేరాలి. రేకుల కప్పు ఉన్న ఇళ్లవారు వదులైన రేకులను ఫాల్గుణంలోనే బిగించుకోవాలి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలోని పిడుగులపై హెచ్చరికలు అందిస్తుంది. చివరి ఉరుము వినిపించిన తరువాత అరగంట వరకు బయటికి రాకూడదు. వాన వెలిసిందని తొందరపడి మామిడికాయలు ఏరుకోవడానికి పరుగెత్తే పిల్లలకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.